బస్సు ఎవరి కొఱకు?

కొన్ని యేండ్ల క్రిందట మా పట్టణమున నొక సభ జరిగెను. బస్సులకు మాత్రమే ప్రత్యేకముగా దారి విడిచి, రోడ్డు నడుమ స్టేషనులు కట్టి, వానిని శీఘ్రముగా నడపింతుమని అధికారులు పటము చూపి చెప్పిరి. బి.ఆర్.టి.ఎస్. అను నాలుగక్షరములు ఆనాడు నలువదిమార్లు వినబడియుండును. అంతయు ముగిసిన పిదప వెనుక వరుసనుండి కూరలమ్ముకొను ముసలమ్మ యొకతె లేచి, "నాయనా, బస్సు నడిమధ్య ఆగుతుందంటున్నారు. ఈ గంపతో నేనెట్లా దాటేది?" అని యడిగెను. పటము చూపిన యాయన నవ్వి, "అదంతా ప్లానులో ఉన్నది, కూర్చో అమ్మా" అనెను. ఆమె కూర్చుండెను. సభవారును నవ్విరి. నేనును అచ్చటనే యుంటిని, నోరు మెదపలేదు. ఆ తప్పునకు ప్రాయశ్చిత్తముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

విభక్తులు చెప్పి బ్రదుకువాడను గనుక ముందొక మాట. 'బస్సు' అనునది పూర్ణపదము గాదు. లాటిను భాషలో 'ఓమ్నిబస్' అనగా 'అందఱి కొఱకు'. మన 'సర్వేభ్యః' యెట్టిదో అదియు నట్టిదే, చతుర్థీ బహువచనము. ఆ 'బస్సు', మన 'భ్యః' ఒక్క మూలమునుండి పుట్టిన తోబుట్టువులే. వాడుకలో 'అందఱు' అను ప్రకృతి జారిపోయి 'కొఱకు' అను ప్రత్యయము మాత్రము మిగిలినది. ప్రకృతి లేని ప్రత్యయమును విద్యార్థి వ్రాసినచో మేము సున్న వేయుదుము. పట్టణములు వ్రాసినచో శంకుస్థాపన చేయుచున్నాము.

నేను ఈ పద్ధతికి విరోధిని గాను. బ్రెజిలు దేశపు కురిటీబా నగరమున 1974లో ఇది మొదలయ్యెను. కొలంబియా రాజధాని బొగొటాలో 2000 డిసెంబరున ట్రాన్స్‌మిలేనియో బయలుదేఱెను. మన దేశమున అహమదాబాదు 2009 అక్టోబరున 'జన్‌మార్గ్' తెఱచెను. దీని లెక్క అయిదవ తరగతి లెక్కయే. నిమిషమునకొక బస్సు, బస్సునకు అఱువదిమంది చొప్పున గంటకు 3,600 మంది ఒక్క వరుసలో పోవుదురు. కారునకిద్దఱు చొప్పున అంతమందిని పంపుటకు 1,800 కార్లు కావలెను. అయినను కారులో గూర్చున్నవానికి బస్సు వరుస ఎల్లప్పుడు ఖాళీగానే కనబడును. బస్సు పోయిన తర్వాత ఆ నిమిషములో మిగిలిన క్షణములన్నియు ఖాళీయే గదా! ఆ ఖాళీయే బస్సు వేగమునకు కారణము. దానిని నింపినచో బస్సును కారు వెనుకనే నిలబడును.

ఇక ముసలమ్మ ప్రశ్నకు సమాధానము లేకపోలేదు. స్టాపు రోడ్డు అంచున నున్నచో ఆటోలు, తోపుడుబండ్లు, నిలిపిన కార్లు, సందులనుండి వచ్చు వాహనములు అన్నియు బస్సున కడ్డమే. అందుచేతనే నడుమకు మార్చుట. దాటుట మాటకు వచ్చినచో, అంచున స్టాపు లున్నప్పుడు పోవునప్పుడో వచ్చునప్పుడో ఒకమారు రోడ్డు మొత్తము దాటవలసినదే. నడుమ నున్నచో పోవునప్పుడు సగము, వచ్చునప్పుడు సగము. మొత్తము సమానము. ఈ మాత్రము చెప్పుటకు ఆ యధికారికి ఎంత కాలము పట్టును? కాని చెప్పినచో ఆమె రెండవ ప్రశ్న వేయును: "ఆ సగం దాటేదాకా కార్లనెవరు ఆపుతారు?" అప్పుడు సిగ్నలు, తెల్లగీతలు, మెట్లులేని దారి, పచ్చదీపము వెలుగు కాలము చూపవలసి వచ్చును. పటములో అవి లేవు. నవ్వు వచ్చినది అందుకే.

మఱియొక ప్రశ్న గలదు. ఇది మఱింత చిక్కైనది. "మా వీధినుండి తిన్నగా బజారుకు పోవు బస్సు ఉండునా, పోవునా?" నిజము చెప్పవలెను. అన్ని బస్సులను ఆ వరుసలోనికి వదలినచో స్టేషనువద్ద ఒకదాని వెనుక నొకటి బారుతీరును. ఆ దారికి ప్రత్యేకించిన బస్సులనే నడపినచో కొందఱు నడుమ దిగి మాఱవలసి వచ్చును. అహమదాబాదువారు రెండవ పద్ధతి నెన్నుకొని, టిక్కెట్టు స్టేషనులోనే యిచ్చి, బస్సు నేలకు సమముగా వేదికలు కట్టిరి. మాఱక తప్పనిచో, మాఱినచోట రెండవమారు ఛార్జీ పుచ్చుకొనకుండుట, ఎక్కువసేపు నిలుపకుండుట న్యాయము. పాసు చెల్లునా, కడపటి బస్సు ఎన్నిటికి అనునవి ఒక్క కాగితముపై తీరు ప్రశ్నలు. ఆ కాగితమును ప్రారంభోత్సవమునకు ముందు అంటించిన యూరెక్కడ?

ఢిల్లీ కథ వినుడు. అంబేద్కర్‌నగర్ మొదలు మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల మార్గము 2008 ఏప్రిలున తెఱచిరి. అచ్చట అన్ని బస్సులను వరుసలోనికి వదలిరి. దోషము లుండెను: స్టేషనులవద్ద బారులు, కూడళ్లవద్ద దీర్ఘమైన నిరీక్షణము, పరుగెత్తు వాహనముల నడుమ దాటు జనము. ఇవి బస్సెక్కువాని బాధలు, సవరింపదగినవి. కాని చెవులకెక్కినది కారువాని కేక. 2012లో అది హైకోర్టు నెక్కెను. బస్సు వరుసలో తక్కిన వాహనములనుగూడ పోనీయవలెనని కోరిక. ఆ సంవత్సరము అక్టోబరున న్యాయస్థానము దానిని కొట్టివేసెను. న్యాయస్థానమున గెలిచిన మార్గము 2016లో గడ్డపారలకు చిక్కెను. "మా పన్నులతో వేసిన రోడ్డు" అని కొందఱు దొరలు వాదింతురు. సబ్బుబిళ్ల కొనునప్పుడు పన్ను కట్టని ప్రయాణికు డెవడు?

ఢిల్లీని నిందించుట సుఖమే. మన విజయవాడలో బి.ఆర్.టి.ఎస్. రోడ్డు ఎక్కడనినచో పసివాడును చూపును. విశాఖపట్టణమున పెందుర్తి దారికిని, సింహాచలము దారికిని అదే పేరు. రోడ్లు పడినవి, పేర్లు నిలిచినవి. బస్సునకు మాత్రమే యను నియమము నిలువలేదు. ఢిల్లీవా రొక వ్యాజ్యమైనను నడపిరి. మనము అదియు లేకయే వదలుకొంటిమి. ఏల? అడుగువాడు లేడు. ప్రశ్న వేయుట అవిధేయత యను బుద్ధిని బడిలో నేర్పినవారము మేమే; "నోరు మూసికొని కూర్చుండుము" అను మంత్రము మా తరగతిగదులనుండియే ఆఫీసులకు పోయినది.

ఇప్పుడు మరల నూతన మార్గములు, విద్యుత్తుతో నడచు బస్సులు అను మాటలు వినబడుచున్నవి. మంచిదే. రిబ్బను కోయుటకు ముందు మఱియొక సభ చేయుడు. పటము గోడకు గాక వెనుక వరుసవారికి కనబడునట్లు పెట్టుడు. ఆ ముసలమ్మ వచ్చినచో ఈ మారు కూర్చో మనకుడు. బయటికి తీసికొనిపోయి, నిండుగంప ఆమె తలకెత్తి, పటము గీచిన వారిలో నొకరు గడియారము చేతబట్టి, ఆమె వెంట రోడ్డు నడుమవఱకు ఒకమారు నడచి రండు. పచ్చదీపము ఎన్ని సెకండ్లు వెలుగవలెనో తిరిగివచ్చిన తర్వాత వ్రాసికొందురు గాక.