వెనక చెక్క తీస్తే అల్మారా ఊగుతుంది!

కాలిఫోర్నియాలో ఉండే కొడుకో కూతురో కడుతున్న ఇంటి ఫొటో పంపుతారు. ఇక్కడ అమలాపురంలోనో భీమవరంలోనో అమ్మానాన్నలు అది చూసి బిత్తరపోతారు. ఇటుకల్లేవు, సిమెంటు లేదు... సన్నటి కర్రలు, వాటి మీద ప్లైవుడ్! 'ఇంత డబ్బు పోసి అట్టపెట్టె కొన్నారేంట్రా?' అని అడిగేస్తారు కూడా. కానీ భూకంపం వస్తే నిలబడేందుకు సరిగ్గా కట్టిన ఆ అట్టపెట్టెకే అవకాశం ఎక్కువ. ఎందుకో తెలిస్తే, ఆ సంగతి మన ఇంటికీ పనికొస్తుంది.

బరువే శత్రువు

భూమి కదిలినప్పుడు ఇల్లు ఎంత బరువుంటే దాని మీద పడే పక్క తోపు అంత ఎక్కువ. 1993లో లాతూరులో వేలమంది ప్రాణాలు తీసింది మందపాటి రాతి గోడలే. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు నాలుగు క్వింటాళ్లకు పైనే తూగుతుంది. చట్రం మీద ప్లైవుడ్ బిగించిన గోడ బరువు అందులో సుమారు పదో వంతు.

ఇప్పుడు ఆ చట్రాన్ని చెక్క బదులు స్టీలుతోనూ చేస్తున్నారు. మందం సుమారు ఒక మిల్లీమీటరు ఉండే జింకు పూత రేకును మడిచి నిలువు కమ్ములు తయారుచేస్తారు. దీన్నే లైట్‌గేజ్ స్టీలు అంటారు. చెద పట్టదు, వంకర పోదు.

ఊగకుండా ఆపేదేది?

ఇంట్లో పుస్తకాల అల్మారా ఉంటే దాని వెనక ఉన్న పల్చటి ప్లైవుడ్ చెక్క ఊడదీసి చూడండి. చేత్తో నెడితే చాలు, మొత్తం పక్కకు ఒరుగుతుంది. చెక్క మళ్లీ బిగిస్తే కదలదు. ఇంటి చట్రమూ అంతే. దాన్ని ఒరగకుండా పట్టి ఉంచేది పైన బిగించిన ప్లైవుడ్డే. ఇలాంటి గోడను ఇంజినీర్లు 'షియర్ వాల్' అంటారు. దీని బలమంతా అంచుల్లో దగ్గరదగ్గరగా వేసే స్క్రూల్లో, గోడను పునాదికి కట్టిపడేసే బోల్టుల్లో ఉంటుంది. స్క్రూలు తగ్గించి డబ్బు మిగుల్చుకుంటే ఆ గోడ ఒట్టి అడ్డుతెరే!

2013లో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో ఇలాంటి రెండంతస్తుల స్టీలు చట్రం భవనాన్ని కంపన వేదిక మీద పెట్టి, 1994 నాటి నార్త్‌రిడ్జ్ భూకంపంలా కుదిపారు. దానికి ప్లైవుడ్‌లాంటి చెక్క పలకలే బిగించారు. లోపలి గోడలు కొంత దెబ్బతిన్నాయి కానీ భవనం నిలబడింది.

మనకీ ఉంది ముప్పు

1969 ఏప్రిల్ 13న భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు... రెండు భూకంపాలూ గోదావరి వెంబడి ప్రాంతాల్లోనే వచ్చాయి. డెల్టాలో నేల మెత్తటి ఒండ్రు, నీరు పైపైనే ఉంటుంది. ఇలాంటి నేల కుదుపును పెంచుతుంది.

మన దగ్గర ఇలాంటి ఇల్లు కట్టాలంటే ఇంకో రెండు జాగ్రత్తలు కావాలి. తేలికపాటి ఇంటిని తుపాను గాలి పైకి లేపేస్తుంది. 1996 నవంబరు నాటి తుపానును కోనసీమ మరచిపోలేదు కదా! కాబట్టి కప్పు నుంచి పునాది దాకా ఎక్కడికక్కడ బిగింపు తప్పనిసరి. ఉప్పుగాలికి తట్టుకునే జింకు పూత, తేమకు విడిపోని మెరైన్ ప్లైవుడ్ కూడా ఉండాలి.

ఉన్న ఇంటి సంగతి?

ఇప్పుడున్న ఇల్లు పడగొట్టి ప్లైవుడ్‌తో కట్టుకోమని కాదు. అల్మారా పాఠం మాత్రం అందరిదీ. నార్త్‌రిడ్జ్‌లో ఓ అపార్ట్‌మెంట్ భవనం కింది అంతస్తు నలిగిపోయి 16 మంది చనిపోయారు. అదీ తేలికైన చెక్క కట్టడమే. అయితే కింద కొంత భాగం కార్ల కోసం ఖాళీగా వదిలేశారు. 2001లో భుజ్ భూకంపానికి అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలోనూ చాలావాటికి కింద గోడల్లేవు, ఒట్టి పిల్లర్లే.

రాజమండ్రి, కాకినాడల్లో ఇప్పుడు ఎటు చూసినా కింద పార్కింగే. పాత మేడలకేమో ముందు గోడలు తీసి షట్టర్లు పెడుతున్నారు. 'ఈ గోడ బరువు మొయ్యట్లేదండీ, తీసేద్దాం' అంటాడు మేస్త్రి. మొయ్యకపోవచ్చు. పక్క తోపును ఆపుతోందా లేదా అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి చెప్పాలి. ఆ ఒక్క మాట అడిగాకే సుత్తి ఎత్తనివ్వండి.