పుష్యరాగం కాదు... బెరిల్!

పుష్యరాగం ధర వినగానే గుండె గుభేలుమనేవారికి జ్యోతిషులు సూచించే చవక రాళ్లలో పసుపు బెరిల్ ఒకటి. హీలియోడార్ అనీ అంటారు. ఇది మరకతానికి తోబుట్టువు. దానికి ఆకుపచ్చ క్రోమియం వల్ల వస్తే, దీనికి పసుపు ఇనుము వల్ల వస్తుంది.

కాఠిన్యం 7.5 నుంచి 8. రోజూ పెట్టుకునే ఉంగరానికి చాలు. చిక్కల్లా, దీన్నే పుష్యరాగమని అంటగడితేనే! కాఠిన్యం 9 ఉండే పుష్యరాగం, అదే సైజు బెరిల్ కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువుంటుంది. బిగించిన ఉంగరంలో ఆ తేడా ఎలాగూ తెలీదు. బిల్లుతోపాటు ల్యాబ్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

ఉంగరం అతికించాల్సి వస్తే ముందు రాయి తీయించండి. బాగా వేడి తగిలితే బెరిల్ పసుపు పోయి లేత నీలంగా మారొచ్చు.