కిలోమీటరు లైటు – కాలి ముందు చీకటి

పొద్దు గూకితే మా గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లో రైతు చేతికి రెండు వస్తువులు వస్తాయి. ఒకటి కర్ర, రెండోది బ్యాటరీ. టార్చిలైటును మా వైపు బ్యాటరీ అనే అంటారు. దిగువమెట్ట దాటితే నల్లమల. అడవికీ చేనుకీ మధ్య చాలాచోట్ల ఒక డొంక, ఒక వాగు తప్ప మరేమీ వుండదు. అలాంటి చోట సేద్యం చేసేవాడికి కర్రా, బ్యాటరీ లేకుండా రాత్రి గడవదు.

పోయిన వానాకాలం నేను కూడా ఒక పెద్ద బ్యాటరీ కొన్నాను. 1,250 రూపాయలు. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే నాలుగు రోజుల చెమట. డబ్బా మీద ‘కిలోమీటరు దూరం’ అని రాసి వుంది. ‘పది గంటలు’ అనీ, లోపలి సెల్లు మీద ‘9,900’ అనీ వుంది. అంగడివాడు వీధిలోకి వచ్చి నొక్కితే ఎదురు వీధి మిద్దె మీద పట్టపగలయింది. చూసిన నలుగురూ ‘అబ్బో’ అన్నారు. మనమూ అన్నాం.

నలభై రాత్రులు వాడాను. బోరు దగ్గరికి, మొక్కజొన్న కాపలాకు, ఆవు ఈనినప్పుడు దొడ్లోకి, ఆఖరు బస్సు దిగిన పిల్లకు ఎదురుపోవడానికి, అన్నిటికీ అదే. ఆ అనుభవం నలుగురు రైతులకు పనికొస్తుందని చెబుతున్నాను. దానితోపాటు తెలిసొచ్చిన ఇంకో సంగతి కూడా వుంది. అది బ్యాటరీ కంటే పెద్దది.

ముందు డబ్బా మీది రాతల సంగతి. లైటు ఎంత దూరం పడుతుందో చెప్పడానికి అంతర్జాతీయంగా కంపెనీలు వాడే ఒక కొలత వుంది. ఏ దూరంలో వెలుగు 0.25 లక్సుకు తగ్గుతుందో, అదే ఆ లైటు ‘దూరం’. ఆ వెలుగు ఎంతంటే నిండు పున్నమి వెన్నెలంత. అంటే డబ్బా మీది మాట నిజమే అనుకున్నా, కిలోమీటరు అవతల పడేది వెన్నెల మాత్రమే. అక్కడ వున్నది పందో, తప్పిపోయిన దూడో ఆ వెలుగులో ఎవడు పోల్చగలడు? పైగా దూరం రెట్టింపు కావాలంటే వెలుగు నాలుగింతలు కావాలి. అంత వెలుగు తాగేది సెల్లునే.

ఇక ఆ 9,900. ఈ లైట్లలో వాడే లిథియం సెల్లు 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు వుంటుంది. ఆ కొలతలో పేరున్న కంపెనీల మంచి సెల్లులోనే పట్టేది 3,500 మిల్లీ ఆంపియర్ గంటల చుట్టుపక్కల. శేరు పాత్రలో మూడు శేర్ల పాలు పట్టవు గదా! ఆ అంకె వేసిన సెల్లును చూస్తే మిగతా రాతలన్నీ ఏ పాటివో అర్థం చేసుకోవచ్చు. మన దేశంలో లిథియం సెల్లులకు భారతీయ ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషను తప్పనిసరి. ఆ గుర్తు వుందో లేదో చూసి కొనండి. ఉబ్బిన సెల్లును వాడకండి. ఛార్జింగు పెట్టి గడ్డివాము పక్కన వదిలేయకండి.

నా లైటును పూర్తి వెలుగులో పెడితే పది నిమిషాలకు చెయ్యి కాలేంత వేడెక్కి, తనంతట తానే తగ్గింది. రెండు గంటలకు గుడ్డిదీపమయింది. అన్నిటికంటే తక్కువ వెలుగులో పెట్టినప్పుడు మాత్రం తొమ్మిది గంటలు నిలబడింది. ఇది మోసం అని నేను అనను. ఎల్ఇడి దీపం పాత తీగ బల్బు కంటే ఎన్నో రెట్లు పొదుపైనది. నీలి ఎల్ఇడిని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారంటే వూరికే ఇవ్వలేదు. మూడు సెల్లుల పాత బ్యాటరీతో, వారానికొకసారి సెల్లులు కొంటూ, మసక వెలుగులో తడుముకున్న మా తరానికి ఇది వరమే. అయితే వరాన్ని ఎట్లా వాడుకోవాలో డబ్బా మీద రాయలేదు. పెద్ద మీట పూర్తి వెలుగుకి. రోజూ అవసరమయ్యే చిన్న వెలుగు రావాలంటే మూడుసార్లు నొక్కాలి.

ఆ చిన్న వెలుగు విలువ నాకు కార్తీకంలో తెలిసింది. మా పక్క చేను కౌలురైతు తెల్లవారుజామున మూడు గంటలకు మోటారు దగ్గరికి పోయాడు. చేతిలో నాలాంటి లైటే వుంది. వెలుగు ముప్పై గజాల అవతల స్టార్టరు డబ్బా మీద వుంది. కాలు గట్టు మీద వుంది. గట్టు మీద రక్తపింజరి వుంది.

దూరం కొట్టే లైటు వెలుగునంతా ఒక్కచోటికి కూరుతుంది. చుట్టూ చీకటి ఇంకా చిక్కనవుతుంది. ఒకసారి ఆ వెలుగు చూసిన కన్ను మళ్ళీ చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. కిలోమీటరు చూపించే లైటు కాలి ముందు పామును చూపించలేకపోయింది. రైతుకు కావలసింది పది అడుగుల మేర పరుచుకునే మెత్తని వెలుగు, అదీ తెల్లార్లూ నిలిచేది. మడవ కట్టేటప్పుడు రెండు చేతులూ పార మీద వుంటాయి గనుక తలకు కట్టుకునే లైటయితే మరీ మంచిది.

మనిషి దక్కాడు. కానీ ఎట్లా దక్కాడు? మొదట పోయిన ఆసుపత్రిలో విషానికి విరుగుడు మందు లేదన్నారు. రెండోచోటికి పోయేసరికి తెల్లారింది. రక్తపింజరి విషం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూడు నెలలు పనికి లేకుండా పోయాడు. కౌలు మాత్రం పూర్తిగా కట్టాడు.

ఇది ఒక్క మా ఊరి కథ కాదు. 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్ళలో మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో అచ్చయిన ఒక పరిశోధన లెక్కగట్టింది. ఏడాదికి సగటున 58 వేల మంది. ఈ చావుల్లో 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే. అందులో తెలంగాణతో కలిసివున్న ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి చావులను సగానికి తగ్గిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో కార్యాచరణ పథకం ప్రకటించింది. సంతోషం. పథకం ఢిల్లీలో వుంటే మందు మండలంలో వుండాలి గదా!

అసలు ప్రశ్న ఇంకొకటి వుంది. తెల్లవారుజామున మూడు గంటలకు రైతు గట్టు మీద ఎందుకున్నాడు? కరెంటు అప్పుడొచ్చింది గనుక. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. రైతాంగం పోరాడి సాధించుకున్నదే అది. పగటిపూటే తొమ్మిది గంటలు ఇస్తామని ఆ తర్వాత ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. మా ఫీడరు మీద మాత్రం పోయిన వానాకాలంలో సగం కరెంటు పగలు, సగం తెల్లవారుజామున. ‘ఆటో స్టార్టరు పెట్టుకోవచ్చు గదా’ అంటారు పట్నం పెద్దమనుషులు. పెట్టుకున్నామయ్యా! మోటారు తనంతట తాను తిరుగుతుంది. మడవ తనంతట తాను మారదు. దానికి మనిషే పోవాలి. పోయేవాడు ఎక్కువగా కౌలురైతో, జీతగాడో.

ఇక అడవి పందులు. ఈ పెద్ద లైటు వేస్తే మొదటి నాలుగు రాత్రులు పరుగులు పెట్టాయి. రెండోవారం నిలబడి చూశాయి. మూడోవారానికి వాటికీ అలవాటైంది. పైగా నా మొక్కజొన్నలోంచి లేచినవి ఎక్కడికి పోయాయి? పక్క చేలోకి. ఆ చేనుకు లైటు లేదు, మంచె లేదు. ఒంటరి ఆడమనిషి సేద్యం అది. నేను 1,250 రూపాయలు పెట్టి నా నష్టాన్ని ఆమె మీదికి తోలాను, అంతే. సిగ్గుతో చెబుతున్నాను. తర్వాత ఎనిమిది చేల వాళ్ళం కూర్చుని వంతులు వేసుకున్నాం. ఇద్దరు మేలుకుంటే మిగతావాళ్ళు నిద్రపోతారు. రెండు లైట్లు, రెండు డబ్బాలు ఎనిమిది చేలకు సరిపోయాయి. ఎవరి లైటు వాళ్ళు కొనుక్కుని చేసిన కాపలా కంటే ఇదే మేలుగా నడిచింది.

కొందరు తొందరపడి చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. వద్దు. పందికి పెట్టిన తీగకు మనుషులు బలైన వార్తలు చూస్తూనే వున్నాం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద కేసూ తప్పదు. 2022 సవరణతో అడవి పంది రెండో షెడ్యూలులోకి వచ్చింది. మృగాన్ని కాపాడవలసిందే. కానీ దాని మేత ఖర్చు ఒక్క బక్కరైతే ఎందుకు భరించాలి? 2026 ఖరీఫ్ నుంచి వన్యమృగాల నష్టాన్ని కూడా పంటల బీమాలో చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. 72 గంటల్లో ఫోనులో ఫొటోలతో సహా తెలపాలట. కౌలురైతు సంగతేమిటి? 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు కార్డు కావాలంటే భూ యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆ సంతకం ఎంతమంది పెడుతున్నారు? కార్డు లేనివాడు ఫొటో తీసి ఎవరికి పంపాలి?

ఒకప్పుడు రైతు చేతిలోని బ్యాటరీ అంటే ఎవరెడీ. దాన్ని అమ్మింది యూనియన్ కార్బైడ్ కంపెనీ. 1984 డిసెంబరు 2–3 రాత్రి భోపాల్‌లో వేలాదిమందిని విషవాయువుతో పొట్టనబెట్టుకున్నది ఆ కంపెనీయే. 1994లో అది చేతులు మారింది. ఇప్పుడు లిథియం సెల్లులు చాలావరకు చైనా నుంచి వస్తున్నాయి. కంపెనీలు మారాయి, దీపం మారింది. రాత్రిపూట రైతు పొలంలో తిరగవలసిన అవసరం మాత్రం మారలేదు. ఆ అవసరమే వాళ్ళ వ్యాపారం.

పాలకుల చేతిలో వున్నది కూడా కిలోమీటరు లైటే. 1999లో ‘విజన్ 2020’ అన్నారు. 2024 డిసెంబరులో ‘స్వర్ణాంధ్ర 2047’ అన్నారు. దూరం మహా బాగా కనబడుతుంది. కాలి ముందు? కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. 2024 మార్చిలో జాతికి అంకితం అన్నారు. అన్నరోజుకి దాని కాలువ నీరు ఒక్క ఎకరాకు పారలేదు. కాలువ పారితే బోరు మీద ఇంత భారం వుంటుందా? మూడు గంటల జామున మోటారుకు పోవలసిన గతి వుంటుందా?

కాబట్టి రైతు సోదరులకు చెప్పేదేమంటే, లైటు కొనండి. కిలోమీటరు చూసి కాదు, తక్కువ వెలుగులో ఎన్ని గంటలు నిలుస్తుందో ఇంటి దగ్గర ఒక రాత్రి వెలిగించి చూసి వుంచుకోండి. నడిచేటప్పుడు వెలుగు పాదాల ముందుకి దించండి. పాము కరిస్తే కట్లు కట్టి, కోసి కాలం చేయకండి. కాలు కదలనీయకుండా నేరుగా ఆసుపత్రికి చేర్చండి. ఇంట్లో నేల మీద పడుకునేవాళ్ళకు కట్లపాము భయం వుంది, దోమతెర దించుకుని అంచులు చాప కిందికి దోపండి.

లైటు చేసేపని అంతవరకే. మిగతాది మనం కలిసి అడగాలి. వ్యవసాయానికి తొమ్మిది గంటలూ పగటి కరెంటే ఇవ్వాలి. ఫీడరు వేళలు వారం ముందే ఊళ్ళో అంటించాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విరుగుడు మందూ, వేసే డాక్టరూ రాత్రిపూట వుండాలి. పందుల నష్టానికి పరిహారం కార్డుతో నిమిత్తం లేకుండా, చేను దున్నినవాడి చేతికే రావాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ఇవి వచ్చిననాడు ఈ పెద్ద బ్యాటరీని నేను దొడ్లో ఆవు దగ్గర తగిలిస్తాను.