ప్రశ్నార్థకం లేని చదువు

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలలకు కొదవ లేదు. అదే మండలంలోని ఆదిభట్లలో విమాన భాగాలు తయారుచేసే కర్మాగారాలూ ఉన్నాయి. కొలత తప్పితే క్షమించని పని అది. అటువంటి చోట, ఒకానొక కళాశాల ల్యాబులో నేను చూచిన దృశ్యం ఇప్పటికీ మనసును తొలుస్తూనే ఉంది.

ఒక విద్యార్థి కంప్యూటరు నుండి పవర్ సప్లైకి ఆజ్ఞలు పంపుతున్నాడు. 5 వోల్టులతో మొదలుపెట్టి అయిదేసి పెంచుతూ 40 దాకా. ఆ పరికరం ఇవ్వగలిగినది 30 మాత్రమే. 35, 40 అన్న ఆజ్ఞలను అది తిరస్కరించి 30 వద్దనే ఆగిపోయింది. ప్రోగ్రాము మాత్రం తన పట్టికలో 35, 40 అని రాసుకుంటూ పోయింది. పట్టికపై సంతకం కూడా పడింది. నేను చూపిస్తే, "అది ఏమీ అనలేదు కదండీ!" అన్నాడా అబ్బాయి.

అనకపోవడమేమిటి? మనం అడగలేదు, అంతే.

ఈ పరికరాల భాషకు 1987లో ఐఈఈఈ 488.2 వ్యాకరణం కూర్చింది. 1990లో స్కిపీ పదకోశం సమకూర్చింది. వచ్చిన అక్షరాలను పరికరం ముందుగా బఫరులో దాచుకుంటుంది. తనకు తెలిసిన ఆజ్ఞల వృక్షంతో పోల్చి, అర్థమైతే అమలు చేస్తుంది. కాకపోతే లోపాన్ని వరుసలో పెట్టుకుంటుంది. తెలియని ఆజ్ఞ అయితే మైనస్ 113, హద్దు మీరిన విలువ అయితే మైనస్ 222. సిస్టం ఎర్రర్ అన్న ఆజ్ఞకు ప్రశ్నార్థకం తగిలించి పంపితే ఒక్కొక్కటిగా విన్నవిస్తుంది. అడగనివారికి మాత్రం తనంతట తాను చెప్పదు.

ఇక రెండవ దురాచారం, నిద్ర. స్వీపు ముగిసిందో లేదో తెలియక ప్రోగ్రాములో రెండు సెకన్లు ఆగమని రాస్తారు. చాలకపోతే అయిదు. స్టార్ ఓపీసీ పక్కన ప్రశ్నార్థకం పెట్టి పంపితే, పని పూర్తయ్యాక పరికరమే 1 అని జవాబిస్తుంది. ఆ ఒక్క గుర్తు పెట్టక, ముగియని కొలతను ముగిసిందనుకుని చదివి, ఆపై "పరికరం మాట వినడం లేదు" అని దానిపైనే నింద!

మూడు గంటల ల్యాబులో ఇవన్నీ ఎక్కడ నేర్పుతామని కొందరు పెద్దలంటారు. ప్రతి ఆజ్ఞ తరువాత ఒక్క వరుస రాయడానికి ఎన్ని గంటలు కావాలి? కొరత కాలానిది కాదు. మార్కులు పట్టికకు పడతాయి, ప్రశ్నకు పడవు. తరగతిలో నోరు విప్పిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టే చదువు, యంత్రం ముందు మాత్రం ప్రశ్నించడం ఎలా నేర్పుతుంది?

ఆ భాషలో ఆజ్ఞకూ ప్రశ్నకూ ఉన్న తేడా ఒక్క గుర్తే. మన పిల్లలకు ఆజ్ఞాపించడం నేర్పాము. ఆజ్ఞ అందిందా, అర్థమైందా, అమలైందా అని అడగడం నేర్పలేదు. రేపు ఆ పట్టిక రాసిన చేతులే విమాన భాగాన్ని పరీక్షించి సరిగా ఉన్నదని రాస్తాయి. ఆ రాతను నమ్మి ఎవరో విమానమెక్కుతారు.

అధ్యాపక మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఇకపై సంతకం పెట్టే ముందు పట్టిక చూడకండి. పరికరం లోపాల వరుసను చదివించండి. అక్కడ సున్నా వస్తేనే కలం తీయండి.