కంప్యూటర్ ‘కాదు’ అంటే అడిగేదెవరిని?

కృత్రిమ మేధ (ఏఐ) మనుషుల్ని ముంచుతుందా, తేల్చుతుందా? ఈ చర్చ ప్రపంచమంతా నడుస్తోంది. ఈ రంగానికి పునాది వేసినవాళ్లలో ఒకరైన జెఫ్రీ హింటన్ 2023లో గూగుల్ వదిలి బయటికొచ్చి మరీ హెచ్చరించారు. అయితే ఈ మాటల్లో ఎక్కువ భాగం రేపటి గురించే. హైదరాబాద్ బస్తీల్లో ఆ రేపు ఎప్పుడో వచ్చేసింది, రేషన్ కార్డు రూపంలో.

తెలంగాణ ప్రభుత్వం 2016లో ‘సమగ్ర వేదిక’ను వాడకంలోకి తెచ్చింది. బండి రిజిస్ట్రేషన్, ఆస్తి, కరెంటు కనెక్షన్ లాంటి రకరకాల శాఖల రికార్డుల్లో ఉన్న పేర్లను కంప్యూటర్ కలిపి చూసి, ఇవన్నీ ఒకే మనిషివని తేలుస్తుంది. కార్డుకు ఎవరు అర్హులో దాన్నిబట్టి నిర్ణయం. రాష్ట్రంలో దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. చాలామందికి నోటీసు కూడా రాలేదు. బియ్యం కోసం దుకాణానికి వెళ్లాకే తెలిసింది. రిక్షా తొక్కి బతికిన ఒకాయన పేరు మీద కారు ఉందని రికార్డు చూపించింది. ఆ కారు వేరేవాళ్లది.

ఇది ఎలా జరుగుతుందో మన ఇళ్లలో విడమరిచి చెప్పనక్కర్లేదు. షేక్, సయ్యద్, మహమ్మద్, బేగం... ఒక్క గల్లీలోనే ఒకే పేరున్నవాళ్లు ఎందరో. పైగా ఉర్దూ పేరు ఆధార్‌లో ఒకలా, ఓటరు కార్డులో ఇంకోలా పడుతుంది. అలాంటి పేర్ల దగ్గర మనుషులే తడబడతారు, ఇక యంత్రం ఎంత?

సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసులో, రద్దు చేసిన కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ జూలై నాటికి సుమారు 2 లక్షల దరఖాస్తులు చూస్తే, 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులని తేలింది. వందకు ఏడెనిమిది. లెక్కల్లో ఇది చిన్న తప్పే కావచ్చు, ఆ ఇళ్లలో మాత్రం ఏళ్ల తరబడి బియ్యం లేదు.

నెదర్లాండ్స్‌లోనూ ఇలాంటిదే జరిగింది. పిల్లల సాయం డబ్బు విషయంలో వేలాది కుటుంబాలను మోసగాళ్లుగా ముద్రవేశారు. అనుమానితుల్ని ఏరిన సాఫ్ట్‌వేర్ పౌరసత్వాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఇక్కడ ఒక్క అధికారి కూడా అంతదూరం పోలేదు.

మరి ఏఐతో మేలు లేదా? ఉంది, బోలెడంత. టీబీని పసిగట్టడానికి ఛాతీ ఎక్స్‌రేలను సాఫ్ట్‌వేర్‌తో చదివించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. రేడియాలజిస్టు లేని ఊళ్లకు అది పెద్ద అండ. కానీ అక్కడ యంత్రం అనుమానం చెప్పి ఊరుకుంటుంది, తర్వాత తెమడ పరీక్ష చేసి జబ్బును ఖాయం చేస్తారు. రేషన్ కార్డు విషయంలో ఆ రెండో పరీక్షే లేకుండా పోయింది. అది కోర్టు చెప్తేగానీ మొదలు కాలేదు.

2025లో తెలంగాణలో కొత్త కార్డుల పంపిణీ మొదలైంది. ఈసారి దరఖాస్తు తిరస్కరిస్తే కారణం కాగితం మీద రాసిస్తారా, ఆ కారణం తప్పని చెప్పుకోవడానికి ఎమ్మార్వో ఆఫీసులో వినే మనిషి ఉంటాడా అన్నది ప్రభుత్వం తేల్చి చెప్పాలి.