రెండు పైసల మెసేజ్‌కు రూపాయిన్నరా?

కోచింగ్ కోసం జిల్లాల నుంచి హైదరాబాదు అమీర్‌పేటలో దిగే పిల్లల ఫోన్లలో తరచూ రెండు సిమ్‌లుంటాయి. ఒకటి నెట్ కోసం కొత్తగా తీసుకున్నది. ఇంకొకటి ఇంటర్ చదివే రోజుల్లో నాన్న కొనిచ్చింది. బ్యాంకు ఖాతా, ఆధార్, పాన్ అన్నీ ఆ పాత నంబరుకే ముడిపడి ఉంటాయి కాబట్టి ఓటీపీల కోసం దాన్ని ఎలాగోలా బతికించుకుంటూ వస్తారు. దానికి వేయించేది ఎప్పుడూ అన్నిటికంటే చిన్న రీఛార్జే. ఫోన్ మార్చిన రోజున అసలు చిక్కు మొదలవుతుంది. యూపీఐ యాప్ తెరిస్తే, నంబరు సరిచూసేందుకు మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్తుందని, మామూలు ఛార్జీలు పడతాయని చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. సరేనని నొక్కితే కాసేపు గిర్రున తిరిగి, మెసేజ్ వెళ్లలేదు, బ్యాలెన్స్ చూసుకోండి అంటుంది. కొన్ని చిన్న ప్యాక్‌లలో బయటికి వెళ్లే మెసేజ్‌లే ఉండవు. మెయిన్ బ్యాలెన్స్ సున్నా. మైత్రీవనం పక్క సందులో షాపుకు వెళ్లి పది రూపాయల టాపప్ వేయించుకుంటే కోతలన్నీ పోను ఫోన్‌లో పడేది 7 రూపాయల 47 పైసలు. అందులోంచి మెసేజ్‌కు లోకల్ అయితే రూపాయి, వేరే సర్కిల్ నంబరైతే రూపాయిన్నర. వెళ్లిన మెసేజ్‌ను బ్యాంకు సమయానికి అందుకోకపోతే మళ్లీ ఇంకో రూపాయిన్నర.

రూపాయి, రూపాయిన్నర కోసం సంపాదకీయం రాయాలా అని అడిగేవాళ్లుంటారు. రాయాలి. ఈ ఒక్క మెసేజ్ వెళ్లకపోతే విద్యార్థి హాస్టల్ అడ్వాన్సు కట్టలేడు, మెస్ బిల్లు కట్టలేడు, ఇంటి నుంచి వచ్చిన డబ్బును ఫోన్‌లో వాడుకోలేడు. కబుర్లు చెప్పుకోవడానికి వాట్సాప్ ఉంది. బ్యాంకు మాత్రం వాట్సాప్‌ను ఒప్పుకోదు. ఆ సిమ్ నుంచి, ఆ ఫోన్ నుంచి ఎస్సెమ్మెస్సే రావాలంటుంది. అలా అనడం సరైనదే, అది ఖాతాదారు రక్షణ కోసం పెట్టిన నిబంధన. వేరే దారి లేని చోట ధర ఎంతయినా కట్టక తప్పదు. మరో మార్గం లేని సేవకు ఇష్టమొచ్చిన ధర పెట్టే స్వేచ్ఛ ఎవరికీ ఉండకూడదు. దేశంలో ఎస్సెమ్మెస్ ధరకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గరిష్ఠ పరిమితి విధించాలి, ఎంత చిన్న రీఛార్జ్‌లోనైనా కొన్ని మెసేజ్‌లు తప్పనిసరిగా ఉండాలి అన్నది ఈ పత్రిక స్పష్టమైన అభిప్రాయం.

మెసేజ్ పంపడానికి కంపెనీకి ఎంత ఖర్చవుతుంది? ఎస్సెమ్మెస్‌కు మొదట్లో ప్రత్యేకంగా దారేమీ వేయలేదు. ఫోను ఎక్కడుందో టవర్‌కు తెలియజేయడానికీ, కాల్ కలపడానికీ నెట్‌వర్క్‌లో ముందే ఉన్న సంకేతాల మార్గంలో ఖాళీగా మిగిలే జాగాలోంచి ఈ చిన్న అక్షరాల మూటను పంపవచ్చని 1980లలో యూరప్ ఇంజనీర్లు ఆలోచించారు. 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో మొదటి మెసేజ్ అలాగే వెళ్లింది. మన దగ్గర ఖర్చు లెక్క కట్టింది స్వయంగా ట్రాయ్. ఒక కంపెనీ మెసేజ్‌ను ఇంకో కంపెనీ అందుకుని తన చందాదారుకు చేర్చినందుకు తీసుకోవలసిన రుసుమును 2013లో 2 పైసలుగా ఖరారు చేసింది. అది చేర్చే వైపు ఖర్చు మాత్రమే అనుకుందాం. పంపే వైపు కూడా అంతే అవుతుందనుకుందాం. బిల్లింగు, నిర్వహణ, లాభం పేరిట దాన్ని ఇంకా రెండింతలు చేద్దాం. అప్పటికీ 8 పైసలు దాటదు. చందాదారు కడుతున్నది 100 పైసలు, 150 పైసలు.

ఈ ధర ఇక్కడిదాకా ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్ల వయసులో ఉన్నవాళ్లకు మెసేజ్ బూస్టర్ ప్యాక్‌లు గుర్తుండే ఉంటాయి. ఒకసారి వేయించుకుంటే నెలంతా మెసేజ్‌లు ఉచితమే, కానీ సంక్రాంతి, ఉగాది, దీపావళి, జనవరి ఒకటి వచ్చాయంటే బ్లాకౌట్ డే అని పేరు పెట్టి ప్రతి మెసేజ్‌కూ పూర్తి ఛార్జీ కోసేవారు. శుభాకాంక్షలు చెప్పుకునే రోజునే ప్యాక్ పనిచేయదు. 2011 సెప్టెంబరులో ట్రాయ్ వ్యాపార మెసేజ్‌ల బెడద తగ్గించడానికని ఒక సిమ్ నుంచి రోజుకు వంద మెసేజ్‌లే అని హద్దు పెట్టింది, తర్వాత దాన్ని రెండు వందలు చేసింది. వ్యక్తిగత మెసేజ్‌లకు ఆ హద్దు చెల్లదని 2012 జులైలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అదే ఏడాది నవంబరులో ట్రాయ్ ఇంకో దారి పట్టింది: రోజుకు వంద దాటితే ప్రతి మెసేజ్‌కూ కనీసం 50 పైసలు వసూలు చేయాలని కంపెనీలకు ఆదేశం. వినియోగదారు పక్షాన ఉండవలసిన సంస్థ ఇంతకంటే తక్కువ తీసుకోవద్దని కంపెనీలకు చెప్పిన సందర్భం అది. 2018లో వ్యాపార మెసేజ్‌ల మీద కొత్త నిబంధనలు, కొత్త సాంకేతిక వ్యవస్థ వచ్చాయి. ఆ కనీస ధర ఇక అక్కర్లేదని 2020 జూన్‌లో ట్రాయే దాన్ని ఎత్తేసింది. కారణం పోయింది, నిబంధన పోయింది, కోటా దాటితే రూపాయి, రూపాయిన్నర మాత్రం అలాగే ఉన్నాయి. చింత చచ్చినా పులుపు చావలేదు.

ఇంకొక లెక్క చూస్తే ఈ ధరలో న్యాయం ఎంత ఉందో తేలిపోతుంది. 2015 మే 1 నుంచి ట్రాయ్ రోమింగ్‌లో ఉన్నవారి మెసేజ్‌లకు గరిష్ఠ ధర పెట్టింది. లోకల్‌కు 25 పైసలు, ఎస్టీడీకి 38 పైసలు మించకూడదు. మన రాష్ట్రాలు రెండయినా టెలికాం సర్కిల్ ఒక్కటే. కాబట్టి అమీర్‌పేటలో కూర్చున్న అమ్మాయి శ్రీకాకుళానికి మెసేజ్ కొడితే అది లోకల్, బెంగళూరులో ఉన్న అన్నకు కొడితే ఎస్టీడీ. ప్యాక్‌లో మెసేజ్‌లు లేకపోతే అన్నకు పంపినందుకు ఆమెకు రూపాయిన్నర పడుతుంది. ఆమే హైదరాబాదు సిమ్‌తో బెంగళూరు వెళ్లి, అక్కడి నుంచి అమీర్‌పేటలోని స్నేహితురాలికి మెసేజ్ పెడితే 38 పైసలకు మించి తీసుకోవడానికి వీల్లేదు. ఇంట్లో ఉన్నవాళ్లకు ఎక్కువ, ఊరు దాటినవాళ్లకు తక్కువ. రోమింగ్‌లో 38 పైసలకు గిట్టుబాటయిన మెసేజ్ సొంత సర్కిల్‌లో దాదాపు నాలుగింతలకు ఎలా పెరిగింది? దీనికి కంపెనీలు ఇంతవరకూ ప్రజలకు జవాబు చెప్పలేదు.

కంపెనీల వాదన ఒకటుంది. ఎవరూ ఇప్పుడు ఎస్సెమ్మెస్‌లు పంపడం లేదు, పంపేవాళ్లకు రోజుకు వంద ఉచితంగా ఇస్తూనే ఉన్నాం అంటారు. ఆ వంద వచ్చేది డేటా కలిపిన పెద్ద ప్యాక్‌లలో. మెసేజ్ అవసరమైన మనిషి డేటా కూడా కొనాలన్నది షరతు. ఈ ముడి విప్పడానికే 2024 డిసెంబరు 23న ట్రాయ్ కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాక్ ప్రతి కంపెనీ ఒక్కటైనా ఇవ్వాలని నిబంధన తెచ్చింది. మంచి నిబంధన. 2025 జనవరిలో కంపెనీలు దాన్ని ఎలా అమలు చేశాయో చూడండి. ఎయిర్‌టెల్ 84 రోజులకు 499 రూపాయలు, ఏడాదికి 1,959 రూపాయలు పెట్టి, విమర్శలు రాగానే 469కి, 1,849కి దించింది. జియో 84 రోజుల ప్యాక్ 448 దగ్గర ఆగింది. వీటిలో మెసేజ్‌లు 84 రోజులకు వరుసగా 900, 1,000. నెలకు సరిపడా చిన్న మొత్తంలో ఇలాంటి ప్యాక్ ఇవ్వాలన్న ఆలోచన ఆ రోజున వారికి రాలేదు. నెలనెలా ఇంటి నుంచి వచ్చే డబ్బుతో గడిపే విద్యార్థి, రోజు కూలీ మీద బతికే మనిషి మూడు నెలల సొమ్ము ఒక్కసారి ఎక్కడి నుంచి తెస్తారు? పెద్ద మొత్తం ముందుగా పెట్టగలిగినవాడికే చవక అన్న పద్ధతి పేదవాడికి ఎప్పుడూ ఖరీదే.

అమీర్‌పేట కూడలి నుంచి పంజాగుట్ట వైపు కాస్త దూరం నడిస్తే నిమ్స్ ఆసుపత్రి వస్తుంది. అక్కడ రోగుల వెంట వచ్చేవాళ్లను చూస్తే ఎస్సెమ్మెస్ చచ్చిపోయిందన్న మాట ఎంత అబద్ధమో తెలుస్తుంది. మహబూబ్‌నగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి, ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చి గేటు బయట ఫుట్‌పాత్ మీద, చెట్ల కింద రోజులు గడిపేవాళ్లలో కీప్యాడ్ ఫోన్ వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. వారికి వాట్సాప్ లేదు. రాసి పంపాలంటే ఎస్సెమ్మెస్సే. ఊళ్లో ఒకరికి చెబితే మాట మారిపోయే సంగతులు, అంటే వార్డు నంబరు, మందు పేరు, రక్తం గ్రూపు లాంటివి, రాసే పంపాలి.

వాళ్లు తెలుగులో రాస్తే ఇంకో దెబ్బ. ఇది చాలామందికి తెలియదు కాబట్టి వివరంగా చెప్పాలి. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి. తెలుగులో రాస్తే 70 మాత్రమే. అందులోనూ తెలుగు అక్షరం మనకు ఒకటిగా కనిపించినా ఫోన్‌కు ఒకటి కాదు. హల్లు ఒకటి, గుణింతం ఒకటి, పొల్లు ఒకటి, వత్తు ఒకటి. ఉదాహరణకు ఈ మెసేజ్ చూడండి: "అమ్మకు నిమ్స్ లో బెడ్ దొరికింది. రేపు పొద్దున్నే రక్తం ఇవ్వడానికి ఇద్దరు బయల్దేరి రండి." ఖాళీలూ చుక్కలూ కలిపి ఫోన్ లెక్కలో ఇది 87. అంటే 70 దాటింది, రెండు మెసేజ్‌లు, రెండు ఛార్జీలు. ఇదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే 85. 160లో సగం కొంచెం దాటుతుంది, ఒకటే ఛార్జీ. ఒకే వార్త, ఒకే నెట్‌వర్క్. తల్లిభాష లిపిలో రాసినందుకు రెట్టింపు. తెలుగుతో సహా భారతీయ భాషల అక్షరాలను తక్కువ చోటులో ఇమిడ్చే పట్టికలు అంతర్జాతీయ మొబైల్ ప్రమాణాల్లో ఏళ్ల కిందటే చేరాయి. దేశంలో అమ్మే ఫోన్లు భారతీయ భాషల మెసేజ్‌లు చూపగలగాలని కేంద్రమే ఐఎస్ 16333 ప్రమాణం కింద నిబంధన పెట్టింది. తెలుగు చదవగల ఫోన్ ఉండాలని చట్టం చెబుతుంటే, తెలుగులో పంపినందుకు జరిమానా లాంటి ధర ఉండటం ఏ రకంగానూ సమర్థించదగింది కాదు. ఆ పట్టికలను వాడుకలోకి తేవడం కష్టమైతే, బిల్లింగులో తెలుగు మెసేజ్‌ను 160 దాకా ఒకటిగా లెక్కపెట్టడానికి కంపెనీలకు ఏ సాంకేతిక అడ్డంకీ లేదు. తెలుగు భాష గురించి సభల్లో మాట్లాడే నాయకులు ఈ ఒక్క విషయం మీద ఢిల్లీలో గట్టిగా అడిగితే భాషకు నిజమైన మేలు జరుగుతుంది.

పరిష్కారం కోసం కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. 2021 చివర రీఛార్జ్ ధరలు పెరిగినప్పుడు చిన్న ప్యాక్‌లు వేయించుకున్నవాళ్లు కంపెనీ మారడానికి 1900కు పంపవలసిన మెసేజ్ కూడా పంపలేకపోయారు. మారాలంటే ముందు ఇదే కంపెనీ పెద్ద ప్యాక్ కొనాల్సిన పరిస్థితి. ఆ ఏడాది డిసెంబరు 7న ట్రాయ్ స్పష్టంగా ఆదేశించింది: ప్యాక్ ఎంత చిన్నదైనా, అందులో మెసేజ్‌లు ఉన్నా లేకపోయినా 1900కు మెసేజ్ వెళ్లి తీరాలని. కంపెనీ మారే హక్కుకు వర్తించిన సూత్రం బ్యాంకు ఖాతా వాడుకునే హక్కుకు ఎందుకు వర్తించదు? యూపీఐ నమోదుకు బ్యాంకులకు పంపే మెసేజ్ ప్యాక్‌తో సంబంధం లేకుండా ఉచితంగా వెళ్లాలి. దాని ఖర్చు పైసల్లో ఉంటుంది, దాన్ని భరించవలసింది బ్యాంకులు. ఖాతాదారులకు పంపే ఎస్సెమ్మెస్‌లకు వాడినంతకే వసూలు చేయండని 2013లో రిజర్వ్ బ్యాంకు చెప్పవలసి వచ్చింది, ఎందుకంటే మెసేజ్ వచ్చినా రాకపోయినా మూడు నెలలకోసారి కొంత కోసుకునే అలవాటు బ్యాంకులకు ఉండేది. 2020లో స్టేట్ బ్యాంకు పొదుపు ఖాతాలకు ఆ రుసుమే తీసేసింది. వచ్చే మెసేజ్ విషయంలో ఇది సాధ్యమైంది. వెళ్లే మెసేజ్ విషయంలోనూ సాధ్యమే.

ధర తగ్గిస్తే స్పామ్ పెరుగుతుందన్న పాత భయాన్ని మళ్లీ ముందుకు తెస్తారు. ఉద్యోగం పేరిట, లోన్ పేరిట మెసేజ్‌లతో అమీర్‌పేట పిల్లలు మోసపోతూనే ఉన్నారు, ఆ బాధ చిన్నది కాదు. దానికి మందు పంపేవాడిని పట్టుకోవడం. నమోదు లేని సంస్థల మెసేజ్‌లను ఆపే వ్యవస్థ ఉంది, 1909కు ఫిర్యాదు చేసే దారి ఉంది, వాటికి పదును పెట్టాలి. మోసగాడికి రూపాయి లెక్క కాదు, నిమ్స్ గేటు దగ్గర ఉన్న మనిషికి లెక్కే.

టెలికాం కంపెనీల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ రూపాయిన్నర కోసం ఎవరు కేసు వేస్తారు? వేయరని తెలిసే ఈ ధర ఇన్నాళ్లు నిలబడింది. అందుకే ఇది ట్రాయ్ చేయవలసిన పని. ధరలు నిర్ణయించే అధికారం 1997 ట్రాయ్ చట్టం 11వ సెక్షన్ ఇచ్చింది. 2015లో రోమింగ్ మెసేజ్‌లకు ఆ అధికారాన్నే వాడింది. అదే 25, 38 పైసల పరిమితిని సొంత సర్కిల్‌కూ వర్తింపజేస్తూ, తెలుగు మెసేజ్‌ను ఒకటిగానే లెక్కించాలని చెబుతూ, ప్రతి రీఛార్జ్‌లోనూ కొన్ని మెసేజ్‌లు తప్పనిసరి చేస్తూ ట్రాయ్ వెంటనే టారిఫ్ ఉత్తర్వు ముసాయిదా విడుదల చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో దీనిమీద ప్రశ్న వేయాలి.