కంప్యూటరునకును గడియ వలయును

రాత్రి పరుండబోవునపుడు వీధితలుపు గడియ వేసితిమో లేదో యని యొకమాఱు చూచిరాని గృహిణి యుండదు. కాని బల్లపై నున్న కంప్యూటరునకు గల తలుపులను గూర్చి మనలో నెందఱము విచారించుచున్నాము? బ్యాంకు కాగితములు, పిల్లల చదువులు, పెండ్లి ఛాయాపటములు, ఇంటి జమాఖర్చులు నేడు దానియందే యున్నవి గదా!

మా యింట జరిగినదే చెప్పెదము. ప్రింటరు పనిచేయకపోగా బాగుచేయువానిని పిలిపించితిమి. అతడేదో నొక్కి, “ఇక నడచునమ్మా” యని చెప్పి, కూలి పుచ్చుకొని పోయెను. ప్రింటరు నడచెను, మేమును సంతసించితిమి. ఆఱు మాసములకు మా కుమార్తె సెలవులకు వచ్చి, “అమ్మా, ఫైర్‌వాల్ తీసివేసి యున్నదే!” యనెను. ఒక్క చుట్టము లోనికి వచ్చుటకై యాతడు వీధితలుపునే యూడదీసి పోయినాడన్నమాట! నష్టమేదియు మా కంటబడలేదు గాని, ఆ దినములు తలచుకొన్న నిప్పటికిని గుండె జల్లుమనును.

ఫైర్‌వాల్ మన కంప్యూటరునకు ద్వారపాలకుని వంటిది. ఇంటర్నెట్టుతో కలిసిన కంప్యూటరునకు ఇంటి నంబరు వంటి సంఖ్య యొకటియు, 0 మొదలు 65,535 వఱకు సంఖ్యలు గల “పోర్టు”లను ద్వారములును గలవు. మనము వ్రాసిన జాబునకు వచ్చిన ప్రత్యుత్తరమును ఫైర్‌వాల్ లోనికి బోనిచ్చును. పిలువక వచ్చినవానిని గుమ్మము బయటనే నిలుపును.

పిలువక యెవరు వత్తురని సందేహింపవలదు. 2003 ఆగస్టులో “బ్లాస్టర్” అను పురుగు, ఎవ్వరును దేనిని నొక్కకయే, 135వ ద్వారమున విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరులలో జొరబడెను. 2001లో వచ్చిన యా ఎక్స్‌పీలోనే ఫైర్‌వాల్ కలదు; కాని యది వేసి యుండలేదు. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 తో మైక్రోసాఫ్టువారు దానిని తామే వేసి యిచ్చుట మొదలిడిరి. 2017 మే నెలలో “వాన్నాక్రై” 445వ ద్వారమున వ్యాపించి, జనుల ఫైళ్లకు తాళము వేసి సొమ్మడిగెను. ఇంగ్లండు ఆసుపత్రులును, మన ఆంధ్రప్రదేశ్ పోలీసువారి కొన్ని కంప్యూటరులును దాని వాత బడినవి. దానికి మందు ఆ మార్చిలోనే వెలువడినది; పుచ్చుకొననివారే చిక్కిరి. కావున అప్‌డేట్లను వాయిదా వేయరాదు.

విండోస్ 11 గల సోదరీమణులు చేయవలసినది యిది. మొదట “విండోస్ సెక్యూరిటీ”ని తెఱచి, “ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్” అనుచోట జూడుడు. డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడు పేరులుండును. మూటికిని “ఆన్” అని యుండవలయును.

రెండవది, సెట్టింగ్స్‌లో ఇంటి వైఫైని “ప్రైవేట్” అనియు, రైలుస్టేషను, హోటలు వైఫైలను “పబ్లిక్” అనియు గుర్తింపవలయును. మా ప్రింటరు రోగమిదియే. ఇంటి వైఫైని పరాయిదానిగా నెంచి ఫైర్‌వాల్ దానిని ఆపినది. “ప్రైవేట్” అని మార్చినంతనే, గడియ వేసి యుండగనే, ప్రింటరు నడచెను.

మూడవది, “అలౌ యాన్ యాప్ త్రూ ఫైర్‌వాల్” అను పట్టికలో, ఎన్నడో తీసివేసిన యాటలు మొదలగువాని పేరులున్నచో “ఛేంజ్ సెట్టింగ్స్” నొక్కి వాని టిక్కులను తొలగింపుడు. ఒక్కొక్కటిగా తీసి, కాగితముపై వ్రాసికొనుడు. తెలియనివానిని తొందరపడి తీయవలదు. అంతయు చిక్కుపడినచో “రిస్టోర్ ఫైర్‌వాల్స్ టు డిఫాల్ట్” అనునది యున్నది. క్రొత్త ప్రోగ్రాము అనుమతి కోరుచు ప్రశ్న వేసినపుడు, అది యేమియో తెలియనిచో “క్యాన్సిల్” నొక్కుటయే మేలు.

లోపలినుండి బయటికి బోవువానిని మాత్రము ఫైర్‌వాల్ మామూలుగా నాపదు. ఏదేని ప్రోగ్రాము బయటివారితో మాటలాడుట మీకిష్టము లేనిచో, “అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్”లో “అవుట్‌బౌండ్ రూల్స్” తెఱచి, “న్యూ రూల్”, “ప్రోగ్రామ్” అనువానిని వరుసగా నొక్కి, దాని ఫైలును చూపి, “బ్లాక్ ది కనెక్షన్” అని నిర్ణయింపవచ్చును.

ఒక్క మాట మఱువకుడు. బ్యాంకు ఉద్యోగినని ఫోనుచేసి, తెర చూపించు ప్రోగ్రాము పెట్టుకొమ్మనువాని మాట విని మనమే దానిని నడిపినచో, ఫైర్‌వాల్ అడ్డుకొనునని నమ్మరాదు. మన చేతితో తీసిన తలుపునకు గడియ యేమి చేయును?

ఇది యైదు నిమిషముల పని. ఈ రాత్రి వీధితలుపు చూచి వచ్చునపుడు దీనినిగూడ నొకమాఱు చూడుడు. ఎవరైన మీ కంప్యూటరును బాగుచేసి పోయినచో, వారు వీధి మలుపు దాటకమునుపే మరల చూడుడు.